రూఫ్ మంచిగుందంటే మీరూ రండి సారూ

రామగుండంలో బలమైన భూకంపం రాబోతోందని 2025 ఏప్రిల్‌లో ఒక ప్రైవేటు సంస్థ సోషల్ మీడియాలో ప్రకటించింది. ప్రకంపనలు హైదరాబాద్, వరంగల్, అమరావతి దాకా, అటు మహారాష్ట్ర దాకా పోతాయని కూడా అన్నది. ఇక చానళ్ల సంగతి చెప్పాలా! రామగుండం చుట్టూ ఎర్ర గుండ్రాలు గీసి గిరగిరా తిప్పాయి.

సింగరేణి కోల్‌బెల్ట్ వాళ్లకు మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియలేదు. భూమి కదులుతుందన్నది ఇక్కడ ఎవరికి వార్త? ఓపెన్‌కాస్ట్ అంచున ఇల్లున్న మనిషికి భూమి మధ్యాహ్నం పూట, ముందు సైరన్ కొట్టి మరీ కదులుతుంది. గూట్లో స్టీలు గ్లాసులు మోగుతాయి. గోడ మీద దేవుడి పటం ఒక పక్కకు ఒరుగుతుంది. ఇంటామె లేచి పటం సరిచేసి, మళ్లీ వచ్చి అన్నం వడ్డిస్తుంది. దీనికి జోస్యం అక్కర్లేదు, బ్లాస్టింగ్ టైము తెలిస్తే చాలు.

సరే, జోస్యం సంగతికొద్దాం. భూకంపం ఏ రోజు, ఎక్కడ, ఎంత తీవ్రతతో వస్తుందో ముందుగా చెప్పగలిగినవాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. శాస్త్రవేత్తలు ఆ మాటే చెప్పారు. అధికారులు ‘వదంతులు నమ్మొద్దు, ఆందోళన చెందొద్దు’ అన్నారు. అంతా సద్దుమణిగింది అనుకునేలోపు మే 5 సాయంత్రం కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా వైపు 3.8 తీవ్రతతో భూమి కదిలింది. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్‌లోనూ తెలిసింది. వాట్సాప్ గ్రూపులకు పండగొచ్చింది. ‘చెప్పిండ్రా లేదా!’ రామగుండం అన్నది ఆసిఫాబాద్ అయితేనేం, ఏప్రిల్లో చెప్పింది మేలో వస్తేనేం, బలమైనదన్నది మంచం కోళ్లు కదిలేంతే అయితేనేం. జాతకం చెప్పేవాడికి మనం చేతులారా వేసే గ్రేసు మార్కులు సైన్సుకు వేయం కదా.

నిజానికి ఆ జోస్యగాళ్లకు ఇక్కడ పెద్దగా పనే లేదు. మన కాళ్ల కింద ఉన్నది ప్రాణహిత–గోదావరి పాత పగులు లోయ. ఇక్కడ ఇంత బొగ్గు పేరుకుపోవడానికీ, అప్పుడప్పుడు నేల కదలడానికీ ఆ లోయే మూలం. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7. మొన్న 2024 డిసెంబర్ 4 పొద్దున 7.27కి ములుగు జిల్లాలో 5.3. ఇలాంటి చోట ‘త్వరలో భూమి కదులును’ అని బోర్డు పెట్టుకుని కూర్చుంటే ఏదో ఒక రోజు నిజమై తీరుతుంది. 5.3కూ 3.8కూ అంకెల్లో తేడా ఒకటిన్నరే. విడుదలయ్యే శక్తిలో మాత్రం ఇంచుమించు 175 రెట్లు తేడా. ఈ ఒక్క ముక్క చౌరస్తాలో పలక మీద రాసి చూపిస్తే జోస్యం సగం చచ్చేది. హైదరాబాద్‌లో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది, చెప్పగలిగినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ జ్ఞానం రాజీవ్ రహదారి మీద ప్రయాణించి గోదావరిఖని చేరేసరికి అందులో మిగిలేది రెండే మాటలు: ఆందోళన వద్దు.

ఈ రెండు మాటలు ఈ బెల్టులో చాలా బరువులు మోస్తాయి. బూడిద లేచినా ఆందోళన వద్దు. గోడ పగిలినా ఆందోళన వద్దు. ఫ్యాక్టరీ నుంచి ఘాటు వాసన వచ్చి కళ్లు మండినా ఆందోళన వద్దు. ఆందోళన పడాల్సింది ఎప్పుడో కూడా ఒకసారి చెప్తే, మిగతా సమయాల్లో ప్రశాంతంగా ఉండడానికి జనానికి వీలుగా ఉంటుంది. ఆ జాబితా మాత్రం ఇప్పటిదాకా ఎవరూ విడుదల చేయలేదు.

గోడల పగుళ్లనే తీసుకోండి. బ్లాస్టింగ్ కంపనాలకు లెక్క లేదని ఎవరైనా అంటే అది అబద్ధం, లెక్క భేషుగ్గా ఉంది. గనుల భద్రత చూసే డీజీఎంఎస్ 1997లో ఇచ్చిన ఏడో నంబరు సాంకేతిక సర్క్యులర్ ప్రకారం, కంపెనీది కాని మామూలు ఇల్లయితే, పునాది దగ్గర నేల కదిలే వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు, కంపనం 8 హెర్ట్‌జ్‌ల లోపు నిదానమైనదైతే. 8 నుంచి 25 హెర్ట్‌జ్‌ల మధ్య 10, ఆ పైన 15. నిదానపు కంపనం ఇంటికి ఎక్కువ కీడు, అందుకే దానికి కట్టడి ఎక్కువ. ఎంత చక్కటి సైన్సు! దీన్ని కొలవడానికి పెట్టె ఉంది. పెట్టె అంకె ఇస్తుంది. అంకె ఫైల్లోకి పోతుంది. గోడ పగిలిన అవ్వకు అందే జవాబు: ‘లిమిట్లోనే ఉందమ్మా.’ లిమిటెంతో, ఇయ్యాళ ఎంతొచ్చిందో, నిన్న ఎంతో ఆమెకు చెప్పరు. చెప్తే ఆమెకు అర్థం కాదట. చిట్టీల లెక్క, బీడీల లెక్క, కొడుకు మస్టర్ల లెక్క నోటి మీద చెప్పే మనిషికి ఐదుకూ ఏడుకూ తేడా అర్థం కాదట!

ఇందులో ఇంకో కిటుకుంది. అన్ని పగుళ్లకూ బ్లాస్టింగ్ కారణం కాదు. నల్లరేగడి మీద పునాది బెల్టు లేకుండా లేపిన గోడ, పక్కన బాంబు పేలకున్నా, ఎండాకాలానికి నెర్రె విచ్చుతుంది. ఇంజనీరుకు ఇది తెలుసు. కానీ ఆ నిజం చెప్పే అర్హతను ఆయనే పోగొట్టుకున్నాడు, ఎందుకంటే పగిలిన ప్రతి గోడకూ అదే కారణం చెప్పాడు. పగులుకు అడ్డంగా ఓ గాజుముక్కను సిమెంటుతో అతికించి, మీద తేదీ రాసి, ఇంటివాళ్లనే కాపలా పెడితే కథ నెలలో తేలిపోతుంది. బ్లాస్టింగ్ నాడు గాజు పగిలితే కంపెనీ మీద అనుమానం బలపడుతుంది, బ్లాస్టింగే లేని నెలలో పగిలితే మేస్త్రీ మీద. ఖర్చు పది రూపాయలు. ఇంత చౌక సైన్సు ఎవరికి గౌరవం?

గౌరవం ఉన్న సైన్సు వేరే ఉంది. దాని పేరు అవగాహన సదస్సు. జూన్ 5 వస్తే, ఫిబ్రవరి 28 వస్తే, సేఫ్టీ వారోత్సవాలు వస్తే అది ఎక్కడెక్కడి నుంచో పుట్టుకొస్తుంది. ఫ్లెక్సీ మీద ఎనిమిది మంది ఫొటోలు, ఒక మూల చిన్న భూగోళం. జ్యోతి ప్రజ్వలన. శాలువాలు. ముఖ్య అతిథి రావడానికి రెండు గంటల ఆలస్యం. అప్పటిదాకా ఎండలో కూర్చోబెట్టిన బడిపిల్లలకు ‘వాతావరణ మార్పులు – మన బాధ్యత’ అని వ్యాసరచన పోటీ. మొదటి బహుమతి వచ్చిన పిల్ల ప్లాస్టిక్ సంచులు వాడరాదని రాస్తుంది. 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ రామగుండం పొగగొట్టాలు, పక్కనే 800 చొప్పున రెండు కొత్త యూనిట్లు, అన్నీ ఆమె బడి కిటికీలోంచి కనపడుతుంటాయి. వ్యాసంలో వాటి ఊసుండదు. పిల్లలకు ఏం రాయకూడదో నేర్పడంలో మన సదస్సులు నూటికి నూరు పాళ్లు విజయవంతం. మర్నాడు పేపర్లో కోల్‌బెల్ట్ పేజీలో ఫొటో. సైన్సు ప్రజల్లోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు అసలు వేదికకు వద్దాం. పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ. కొత్త గని తవ్వాలన్నా, పాతది పెంచాలన్నా, పవర్ ప్లాంటుకు ఇంకో యూనిట్ కలపాలన్నా 2006 సెప్టెంబర్ 14 నాటి నోటిఫికేషన్ ప్రకారం జరగాల్సిన తంతు. రాతలో చూస్తే దీని అందమే వేరు. 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన, కలెక్టరో ఆయన తరఫున అదనపు మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారో అధ్యక్షత, మొత్తం వీడియో. శాస్త్రజ్ఞుడూ సామాన్యుడూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలని ఈ దేశపు చట్టం ఏర్పాటు చేసిన చోటు బహుశా ఇదొక్కటే.

ఆ చోటు ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం: షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, బారికేడ్లు, జనం ఎంతమందో పోలీసులు దాదాపు అంతమంది. వేదిక మీద ఏసీ లేదు కాబట్టి కూలర్లు, వాటి మోతలో కన్సల్టెంటు గారి మాటలు. పూర్తి నివేదిక వందల పేజీలు, ఇంగ్లిష్‌లో. తెలుగులో వచ్చేది దాని సారాంశం, కొన్ని పేజీలు. రోగికి రిపోర్టు ఇవ్వకుండా కవరు మీద రాసింది చదివి వినిపించి సంతకం పెట్టమన్నట్టు ఉంటుంది వ్యవహారం. గాలి నమూనాలు వానాకాలం కాని ఒక్క సీజన్‌లో తీసి, దాని మీద పాతికేళ్ల గనికి భవిష్యత్తు లెక్క కట్టారని ఆ సారాంశంలో వెతుక్కోవాలి. తర్వాత మైకు నాయకుల చేతికి పోతుంది. ఒకాయన ప్రాజెక్టును స్వాగతిస్తాడు. ఇంకొకాయన స్థానికులకు ఉద్యోగాలిస్తే స్వాగతిస్తానంటాడు. మూడో ఆయన కమ్యూనిటీ హాలు అడుగుతాడు. దుమ్ము గురించి అడగడానికి లేచిన ఆడమనిషికి రెండు నిమిషాలు. ‘అమ్మా, క్లుప్తంగా.’ ఆమె జీవితమంతా పీల్చింది క్లుప్తంగా ఎట్లా చెప్తుంది? సాయంత్రానికి మినిట్స్‌లో ఒక లైను: ధూళి గురించి ప్రస్తావించారు, తగు చర్యలు తీసుకోబడతాయని యాజమాన్యం తెలిపింది.

ఆ నోటిఫికేషన్ అనుబంధంలో ఒక నిబంధన ఉంది. ప్రజాభిప్రాయ సేకరణ మొదలుపెట్టడానికి ఇంతమంది హాజరుండాలన్న కోరం అవసరం లేదు. సహకార సంఘం మీటింగుకు కోరం కావాలి, గ్రామసభకు కోరం కావాలి. ప్రజల అభిప్రాయం సేకరించడానికి మాత్రం ప్రజలు ఐచ్ఛికం.

అయినా ఇది కూడా ఎక్కువే అనిపించిందేమో పెద్దలకు. 2020లో, కరోనా లాక్‌డౌన్ నడుమ, ఈ నోటిఫికేషన్ స్థానంలో కొత్త ముసాయిదా తెచ్చి దేశ ప్రజలందరి అభిప్రాయం అడిగారు. అడిగింది ఇంగ్లిష్‌లో, హిందీలో. ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లోకీ పది రోజుల్లో అనువదించండని ఆ జూన్ 30న ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. ప్రభుత్వం ఏం చేసిందంటారు? అనువాదకులను వెతకలేదు. లాయర్లను వెతుక్కుని సుప్రీంకోర్టుకు పోయింది. చంద్రుడి మీదికి నౌకను పంపే దేశానికి తెలుగులోకి ఒక పత్రం తేవడం అంత కష్టమైంది. తెలుగుకు చాతకాదనకండి. నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’లో నక్షత్రాలనే మన వాకిట్లోకి దింపాడు. మహీధర నళినీమోహన్ రాసినవి చదివి సైన్సు వైపు మళ్లిన పిల్లలెందరో. చాతకానిది భాషకు కాదు, చెప్పాలన్న బుద్ధికి.

దుమ్ము సంగతి సగంలో వదిలేశాను. అనుమతి పత్రంలో మామూలుగా ఒక షరతుంటుంది: గాలిలో కాలుష్యం ఎంతుందో కంపెనీ గేటు దగ్గర జనానికి కనిపించేట్టు ప్రదర్శించాలి. బోర్డు మీద ధూళి లెక్క పీఎం 10 ఎదురుగా 92 అని ఉందనుకుందాం. చూసినవాడు సంతోషించాలా, ముక్కు మూసుకోవాలా? మన దేశపు 2009 ప్రమాణం ప్రకారం 24 గంటల సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చు, కాబట్టి పాసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన గీత 45, కాబట్టి ఫెయిలు. బొగ్గు గనుల కోసం 2000లో ఇచ్చిన ప్రత్యేక ప్రమాణాలు ఇంకా ఉదారమైనవి, వాటి ప్రకారం డిస్టింక్షన్. గాలి ఒకటే, పీల్చే మనిషి ఒకడే, మార్కుల లిస్టులు మూడు. మనిషి రోజుకు సుమారు పది పన్నెండు ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడు. ఆ 92 లెక్కన రోజుకు ఇంచుమించు ఒక మిల్లీగ్రాము ధూళి లోపలికి పోతుంది. కొంత ముక్కులో, గొంతులో ఆగుతుంది, సన్నటిది అడుగుదాకా దిగుతుంది. ఈ మూడు వాక్యాలు బోర్డు కింద తెలుగులో రాస్తే పెయింటు ఖర్చు ఎంత?

రాయరు. అందుకే జనం తమ పరికరాలు తాము పెట్టుకున్నారు. కుందనపల్లి బూడిద చెరువు చుట్టుపక్కల వేసవి గాలి లేచిన రోజు బండి సీటు మీద వేలితో పేరు రాసి చూస్తారు. పేరు చదవగలిగితే ఆ రోజు బట్టలు బయట ఆరెయ్యరు. డాబా మీద పోసిన వడియాలు సాయంత్రానికి తెల్లగా ఉన్నాయా, బూడిద రంగు తిరిగాయా అన్నది ఇంకో కొలత. ఈ పరికరాలకు క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ లేదు, నిజమే. కానీ అవి ఏ రోజూ ‘లిమిట్లోనే ఉంది’ అని అబద్ధమాడలేదు.

‘ఈ జనానికి సైన్సు చెప్పడం కష్టం సార్, చదువు లేదు’ అనే పెద్దమనిషిని ఒక్కసారి బాయిలోకి దింపాలి. భూగర్భ గనిని ఇక్కడ బాయి అనే అంటారు. దిగితే తెలుస్తుంది, ఈ నేల మీద వందేళ్లకు పైగా సైన్సును ఎంత శ్రద్ధగా, ఎంత బాగా చెప్పారో.

బడి మెట్లు నాలుగు కూడా సరిగా ఎక్కని మనుషులు ఆ చీకట్లో భౌతికశాస్త్రం చేశారు. కర్రతోనో గడ్డపారతోనో రూఫ్‌ను కొట్టి చూస్తారు. గట్టి చప్పుడొస్తే పైన బండ అతుక్కుని ఉంది. డొల్ల చప్పుడొస్తే పొర విడిపోయింది, జరుగు. రెండో చేతి వేళ్లు రూఫ్‌కు ఆనించి అదురు పట్టి చూసేవాళ్లూ ఉన్నారు. ఇక సేఫ్టీ ల్యాంప్. మంటను బాగా తగ్గించి కళ్లార్పకుండా చూస్తే, గాలిలో మీథేన్ ఉంటే, మంట నెత్తి మీద లేత నీలి టోపీ కనపడుతుంది. గ్యాసు పెరిగేకొద్దీ టోపీ ఎత్తు పెరుగుతుంది. 1.25 శాతం దాటితే కరెంటు కట్. 5 నుంచి 15 శాతం మధ్య నిప్పురవ్వ పడితే ఎవరూ ఇంటికి పోరు. ఈ నీలి టోపీని గుర్తుపట్టడం రాకపోతే మైనింగ్ సర్దార్‌కు సర్టిఫికెట్ ఇవ్వరు. ఇప్పుడు డిజిటల్ మీటర్లొచ్చాయి, రూఫ్ కదలికను రంగు గీతలతో చూపే టెల్‌టేల్ పరికరాలొచ్చాయి. పచ్చ గీత ఉన్నంతసేపు పని, ఎర్ర గీత కనపడితే బయటికి. ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు, రంగులు తెలిస్తే చాలు.

అంటే యాజమాన్యాలకు, నిపుణులకు, శాఖలకు సైన్సు చెప్పడం రాదని ఎవరూ అనలేరు. ప్రమాదం తమ బొగ్గుకు, తమ మనుషులకు, తమ ఉత్పత్తికి అయినప్పుడు మీథేన్‌ను కూడా మంట మీద టోపీ పెట్టి చూపించారు. ప్రమాదం గోడ అవతలి ఊరికైనప్పుడు అదే నోటికి అకస్మాత్తుగా వందల పేజీల ఇంగ్లిష్ వస్తుంది.

ఇంకో తేడా ఉంది, అదే అసలుది. బాయిలో ‘రూఫ్ మంచిగుంది, పని చేయండి’ అని చెప్పే ఓవర్‌మన్ ఆ రూఫ్ కిందనే నిలబడి చెప్తాడు. తప్పయితే మొదట ఆయన మీదే పడుతుంది. కింద అంతా సత్యయుగమని నేననను. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది జలసమాధి అయిన నేల ఇది. కానీ 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో రూఫ్ కూలినప్పుడు చనిపోయిన ముగ్గురిలో ఏరియా సేఫ్టీ ఆఫీసర్ ఒకరు. కార్మికుడికి జాగ్రత్త చెప్పే మనిషి కార్మికుడి పక్కనే పోయాడు. కింద ఆఫీసర్ మాటకు విలువ అక్కడి నుంచి వస్తుంది. ప్రజాభిప్రాయ సేకరణలో ‘ఆరోగ్యం మీద ప్రభావం స్వల్పం’ అని స్లైడు తిప్పిన కన్సల్టెంటు చీకటి పడకముందే రాజీవ్ రహదారి ఎక్కి హైదరాబాద్ దారి పడతాడు. ఆ స్వల్ప ప్రభావంలోంచి ఒక్క రాత్రి కూడా ఆయన పీల్చడు. ఇద్దరి మాటల్నీ ఒకే తూకం వేయలేదని జనాన్ని మూఢులంటున్నారు.

సైన్సు సరిగ్గా ఉండి, చెప్పే తీరు కుళ్లిపోతే ఏమవుతుందో తెలియాలంటే సింగరేణి హెడ్డాఫీసు ఊరు కొత్తగూడెమే పోవాలి. 2009 జులైలో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖ ద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. టీకా మంచిదే, ప్రపంచమంతా వాడుతున్నదే. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకూ టీకాకూ సంబంధం కనపడలేదని విచారణ తేల్చింది. అదీ నమ్మొచ్చు. కానీ అంగీకార పత్రాలు తీసి చూస్తే 9,543లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. ఎక్కువమంది గిరిజన పిల్లలు. తల్లికీ తండ్రికీ చెప్పకుండా వార్డెన్ సంతకంతో పని కానిచ్చిన సైన్సును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఉతికి ఆరేసింది. 2010లోనే కార్యక్రమం ఆగిపోయింది. టీకా ఓడిపోలేదు, సంతకం ఓడిపోయింది. నష్టం మాత్రం టీకా అందని ఆడపిల్లలది.

ఆ పాఠం నేర్చుకున్నారా? 2021 జనవరి 3న కోవిడ్ టీకాలకు అనుమతిస్తూ దేశ ఔషధ నియంత్రణాధికారి, అవి 110 శాతం సురక్షితమన్నారు. మూడో దశ ఫలితాలు ఇంకా రాని కోవాగ్జిన్ కూడా అందులో ఉంది. మన జీనోమ్ వ్యాలీలో పుట్టిన టీకా. తర్వాత వచ్చిన ఫలితాలు మంచివే. అప్పటికి ‘ఇంత తెలుసు, ఇంత ఇంకా తెలియదు’ అంటే గౌరవంగా ఉండేది. నూటికి నూట పది అంటే ఏమిటో సింగరేణిలో అందరికీ తెలుసు: అది మార్చి నెలాఖరు ఉత్పత్తి లక్ష్యం. టార్గెట్ అంకెలు ఎలా వస్తాయో తెలిసిన జనం ఆ 110ని ఏ మొహంతో నమ్మాలి?

ఇక్కడికి వచ్చేసరికి ఒక గొంతు లేస్తుంది: ‘మృగశిర కార్తె నాడు చేప మింగడానికి క్యూ కట్టే జనం, కృష్ణపట్నం పసరు కోసం ఎగబడ్డ జనం, వీళ్లకా అంకెలు చెప్పేది?’ 2021 మేలో కృష్ణపట్నం ఆనందయ్య ఇచ్చిన ఆ మందు కరోనాకు పనిచేసిందన్న రుజువు లేదు, ఒప్పుకుందాం. కానీ ఆయన తన ఊళ్లో, తన ఇంటి ముందు, పైసా తీసుకోకుండా ఇచ్చాడు. ఆ నెలలో ఆస్పత్రులు ఆక్సిజన్ లేదని గేట్లు మూశాయి. జనం మందును నమ్మారో, గేటు తెరిచి ఉన్న ఇంటిని నమ్మారో ఆలోచించండి. హేతువాద మిత్రులకూ ఒక మాట. గ్రహణం నాడు పళ్లెంలో రోకలి ఎందుకు నిలబడుతుందో మనం వందసార్లు వివరించాం, మంచి పనే. 1988 నుంచి జన విజ్ఞాన వేదిక, దాని ‘చెకుముకి’ పత్రిక పిల్లలకు చేసిన మేలు చిన్నది కాదు. అయితే రోకలి నిలబడితే ఎవరి ఊపిరితిత్తులకూ నష్టం లేదు. మూఢనమ్మకాల చిట్టా రాసేటప్పుడు అందులో ‘లిమిట్లోనే ఉంది’ అన్నదాన్ని కూడా ఒక నంబరు వేసి చేర్చుకుందాం.

వాట్సాప్ వీరులూ తప్పించుకోవద్దు. భూకంపం వస్తుందని ఫార్వర్డ్ చేసిన వేలు, ‘గాలి నివేదిక ఎక్కడ?’ అని అడిగే ఒక్క కాగితం మీద సంతకం పెట్టదు. జోస్యానికి ఫీజు లేదు, ప్రశ్నకు బస్సు చార్జీ ఉంది, ఆఫీసర్ మొహం చూడాల్సి ఉంది.

నాదొక ప్రతిపాదన. పర్యావరణ ప్రభావ నివేదిక మీద సంతకం చేసిన నిపుణుడు సకుటుంబంగా ఆ ఓపెన్‌కాస్ట్ అంచున ఆరు నెలలు కాపురం ఉండాలి. వేసవి తప్పనిసరి. రెండు గదుల ఇల్లు కంపెనీయే ఇవ్వాలి, పునాది బెల్టుతో సహా. డాబా మీద వడియాలు పోసుకోవచ్చు. గోడ మీద పటాలు తగిలించుకోవచ్చు. ఆరు నెలలయ్యాక వచ్చి మైకు పట్టుకుని ‘ప్రభావం స్వల్పం’ అంటే, ఈ జనమే శాలువా కప్పుతారు.

అది జరిగేదాకా మన చేతిలో ఉన్నది ఇది. 2006 నోటిఫికేషన్ పదో పేరా ప్రకారం అనుమతి పొందిన ప్రతి గని, ప్రతి ప్లాంటు ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అది బహిరంగ పత్రం, దరఖాస్తు పెట్టిన ఎవరికైనా నకలు ఇచ్చి తీరాలి. మీ ఊరి పక్క గనిది అడగండి. దరఖాస్తు తెలుగులో రాయండి, జవాబు కూడా తెలుగులోనే కావాలనండి.